నిచ్చెన మీద పిల్లవాడు

1909 జనవరిలో జిడ్డు నారాయణయ్య అనే రిటైరైన రెవెన్యూ ఉద్యోగి నలుగురు కొడుకుల్ని వెంటబెట్టుకుని మద్రాసు అడయారుకి మారాడు. భార్య సంజీవమ్మ 1905లోనే పోయింది. ఆయన దివ్యజ్ఞాన సమాజంలో పాత సభ్యుడు. ఆ సమాజం ఆఫీసులోనే పని అడిగి సంపాదించుకున్నాడు. ఆవరణ బయట ఒక చిన్న ఇల్లు ఇచ్చారు. పిల్లల్ని మైలాపూరు బడిలో వేశాడు. వాళ్ళలో ఒకడు, 1895లో మదనపల్లెలో పుట్టిన కృష్ణ, ఆ బడిలోనూ దెబ్బలు తింటూనే ఉండేవాడు.

'ఆ బడిలోనూ' అనడం ఎందుకంటే, అంతకుముందు చదివిన బడుల్లో కూడా అదే కథ. చిన్నప్పుడే మలేరియా పట్టుకుంది. జ్వరాలతో నెలల తరబడి బడి పోయింది. తండ్రికి ఊరూరా బదిలీలు. పిల్లాడు మబ్బుల్నీ చీమల్నీ చూస్తూ నిలబడిపోయేవాడనీ, పాఠం అడిగితే నోరు మెదిపేవాడు కాదనీ జీవితచరిత్రకారులు రాశారు. మందబుద్ధి అని మేష్టర్లు తేల్చేశారు. తమ్ముడు నిత్య చురుకైనవాడు కావడంతో ఆ పోలిక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది. అదే పిల్లాడు ఇంట్లో గడియారం విప్పదీసి, మళ్ళీ బిగించేదాకా తిండికీ బడికీ కదల్లేదని ఇంకో కథ ఉంది. మేష్టర్ల లెక్కలోకి ఆ గడియారం రాలేదు.

అదే ఏడాది అడయారు బీచిలో చార్లెస్ లెడ్‌బీటర్ ఈ పిల్లాణ్ణి చూశాడు. వీడు రాబోయే జగద్గురువుకి వాహనం అవుతాడని ప్రకటించాడు. 1911లో అనీ బిసెంట్ ఆధ్వర్యంలో 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్' వెలిసింది. తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. దీన్ని ఆధ్యాత్మిక కథగా చెప్పుకోవడం మనకి అలవాటు. నేను మాత్రం దీన్ని 'పరిణామం' అనే మాట ఒక పిల్లాడి నెత్తిన పడ్డ కథగా చదువుతాను. ఎందుకంటే లెడ్‌బీటరూ బిసెంటూ పదే పదే వాడిన మాట అదే.

దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ పరిణామం డార్విన్‌ది కాదు. 1888లో వచ్చిన బ్లావట్‌స్కీ 'సీక్రెట్ డాక్ట్రిన్' ప్రకారం మానవజాతి ఏడు మూలజాతులుగా మెట్టు మెట్టు ఎక్కుతూ పోతుంది. ఇప్పుడున్నది అయిదో మెట్టు. ఆరోది రావాలి. దాన్ని నడిపించడానికి ఒక గురువు కావాలి. ఈ లెక్కలో కొన్ని జాతులు పైమెట్టు మీద, కొన్ని కింది మెట్టు మీద ఉంటాయి. ఒక మనిషి కూడా జన్మజన్మకీ ఒక్కో మెట్టు ఎక్కుతూ ఉంటాడు. కృష్ణ పూర్వజన్మల జాబితాని లెడ్‌బీటర్ వేల ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళి మరీ రాశాడు.

దీన్ని మూఢనమ్మకం అని పక్కన పెట్టేయడం తేలిక. కానీ ఆ కాలపు సైన్సులోనూ ఇదే నిచ్చెన ఉంది. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ హెకెల్ 1866లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. పిండం ఎదిగేటప్పుడు తన జాతి పరిణామ చరిత్రనంతా వేగంగా మళ్ళీ నడుస్తుందని దాని సారం. అమెరికాలో జి. స్టాన్లీ హాల్ ఆ మాట పట్టుకుని 1904లో కౌమారం గురించి రెండు పెద్ద సంపుటాలు రాశాడు. పిల్లవాడంటే ఆదిమమానవుడు, ఎదుగుతున్నకొద్దీ నాగరికుడవుతాడు అన్న ఊహ అలా విద్యాశాస్త్రంలోకి వచ్చింది. అనీ బిసెంట్ ఈ గాలికి దూరంగా పెరిగిన మనిషి కాదు. దివ్యజ్ఞానంలోకి రాకముందు ఆమె నాస్తిక ఉద్యమంలో ఉంది, డార్విన్ మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ ఏవ్లింగ్ దగ్గర సైన్సు చదువుకుంది.

అంటే మైలాపూరు మేష్టరూ లెడ్‌బీటరూ మనం అనుకున్నంత వేరు మనుషులు కారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే నిచ్చెన ఉంది. మేష్టరు పిల్లాణ్ణి చూసి కింది మెట్టు అన్నాడు. లెడ్‌బీటర్ చూసి పైమెట్టు అన్నాడు. వీడు పదమూడేళ్ళ పిల్లాడు, తల్లి లేదు, మలేరియాతో చిక్కిపోయాడు అన్న సంగతి రెండు తీర్పుల్లోనూ లేదు.

అడయారులో పిల్లల్ని బడి మాన్పించారు. ఆ మేరకు మేలే జరిగింది, దెబ్బలు తప్పాయి. ఈత, సైకిలు, వేళకి తిండి, ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యాయి. తర్వాత ఇంగ్లండు తీసుకెళ్ళారు. ఆ ఇంగ్లీషు మాటల మధ్యే కృష్ణమూర్తి తెలుగు మరిచిపోయాడు. పెద్దయ్యాక ప్రపంచమంతా తిరిగి మాట్లాడిన మనిషి, పుట్టిన ఊరికొస్తే ఆ ఊరి భాషలో నాలుగు ముక్కలు మాట్లాడలేకపోయాడు.

నారాయణయ్య 1910లో పిల్లల సంరక్షణని బిసెంట్‌కి రాసిచ్చాడు. లెడ్‌బీటర్ దగ్గర పిల్లలు ఉండటం ఇష్టం లేక 1912లో కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టులో తండ్రి గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పుని కొట్టేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు, అయినా వాళ్ళ ఇష్టం ఏమిటో ఎవరూ అడగలేదు అన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన అంశం. ఇంకోటి కూడా చెప్పింది: తండ్రి సంరక్షకత్వం ఒక పవిత్రమైన బాధ్యత, దాన్ని ఇంకొకరికి అప్పగించవచ్చు కానీ మళ్ళీ వెనక్కి తీసుకోలేనట్టుగా రాసిచ్చేయడం కుదరదు. మన దేశంలో పిల్లల సంరక్షణ కేసుల్లో ఈ తీర్పు పేరు తర్వాత కూడా వినిపిస్తూ వచ్చింది. ఒక బిడ్డని పెంచే హక్కు ఎవరిది అన్న ప్రశ్న మదనపల్లె పిల్లల వల్ల అంతదూరం వెళ్ళింది.

అదే ప్రశ్నని ఇవాళ్టి పరిణామ శాస్త్రాన్ని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. అందులో నిచ్చెన లేదు. జీవజాతులన్నీ ఒకే చెట్టు కొమ్మలు, ఏ కొమ్మా ఇంకో కొమ్మకి పైమెట్టు కాదు. పిల్లవాడు ఆదిమమానవుడూ కాదు, సగం తయారైన పెద్దమనిషీ కాదు. బాల్యం కూడా రెండు కాళ్ళ నడకలాగే ప్రకృతి వరణంలో రూపుదిద్దుకున్న ఒక లక్షణం.

ఆ లక్షణంలో మొదటి సంగతి నిదానం. పుట్టినప్పుడు మన మెదడు పెద్దవాళ్ళ మెదడులో మూడో వంతు కూడా ఉండదు. చింపాంజీ పిల్లకి దాదాపు నలభై శాతం ఉంటుంది. చింపాంజీకి మూడేళ్ళ ప్రాంతంలో వచ్చే మొదటి శాశ్వత దవడపన్ను మన పిల్లలకి ఆరేళ్ళకి వస్తుంది. 2014లో క్రిస్టఫర్ కుజావా బృందం ప్రచురించిన లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. నాలుగైదేళ్ళ వయసులో, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటికి కావలసిన శక్తిలో మూడింట రెండు వంతుల దాకా మెదడే తీసేసుకుంటుంది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఒళ్ళు ఎదగడం బాగా నెమ్మదిస్తుంది. మెదడు ఖర్చు ముందు తీరాలి కాబట్టి ఒళ్ళు ఆగుతుంది. 'తిన్నదంతా ఎక్కడికి పోతోందిరా' అని అవ్వలు అడిగే ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నాకు కనపడలేదు.

రెండో సంగతి, ఇంత ఖరీదైన పిల్లని తల్లి ఒక్కతే పెంచలేదు. చింపాంజీ తల్లి ఒంటరిగానే పెంచుతుంది, అందుకే కాన్పుకీ కాన్పుకీ అయిదారేళ్ళ ఎడం. వేట, సేకరణలతో బతికే మానవ సమాజాల్లో ఆ ఎడం మూడు నాలుగేళ్ళే. పెద్దపిల్ల ఇంకా తన తిండి తాను తెచ్చుకోలేని వయసులోనే చంటిది పుడుతుంది. మరి తిండి ఎవరు తెస్తారు? క్రిస్టెన్ హాక్స్ తన సహచరులతో కలిసి టాంజానియాలో హద్జా ప్రజల మధ్య పనిచేసి చెప్పిన జవాబు: అమ్మమ్మలు. కాన్పులు ఆగిపోయిన తర్వాత కూడా ఆడవాళ్ళు అన్నేళ్ళు బతకడానికి, మనవళ్ళ కోసం దుంపలు తవ్వి పెట్టడం ఒక కారణం అంటారు వాళ్ళు. సారా బ్లాఫర్ హర్డీ 2009లో 'మదర్స్ అండ్ అదర్స్' అనే పుస్తకంలో దీన్ని ఇంకా విస్తరించింది. అమ్మమ్మ, మేనత్త, అక్క, పక్కింటావిడ, ఇంతమంది చేతుల్లో పెరగడం వల్లే మనిషిపిల్ల ఎదుటివాళ్ళ ముఖం చదవడం నేర్చుకుంది అంటుందామె. చెల్లెల్ని చంకనేసుకుని ఆడుకునే ఏడేళ్ళ పిల్లని మన పల్లెల్లో చూడనివాళ్ళు తక్కువ. ఆ పిల్ల ఆట మానుకోలేదు, చెల్లెల్నీ దించలేదు. హర్డీ పుస్తకం మొత్తం ఆ చంకలో ఉంది.

మూడోది నేర్చుకునే పద్ధతి. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట చుట్టుపక్కల, రాళ్ళకాలువ వాగు పరిసరాల్లో 1960లలో ఎం.ఎల్.కె. మూర్తి అనే పురావస్తు శాస్త్రవేత్త ప్రాచీన శిలాయుగం చివరి దశకి చెందిన పనిముట్లు వెలికితీశాడు. సన్నగా, పొడుగ్గా, ఒక పద్ధతి ప్రకారం కొట్టిన రాతి బ్లేడులు. అలాంటి బ్లేడు తీయాలంటే ముందు రాయిని సిద్ధం చేసుకోవాలి, ఎక్కడ ఏ కోణంలో కొడితే ఎలా విరుగుతుందో తెలియాలి. అది ఒక పూటలో వచ్చే విద్య కాదు. రేణిగుంటలో ఎవరో కొడుతుంటే ఎవరో పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి చూసి ఉంటారు. ఇవాళ్టి హద్జా పిల్లల మీద, మధ్య ఆఫ్రికా బయాకా పిల్లల మీద జరిగిన పరిశోధనలు ఇంకో విషయం చెబుతున్నాయి. పిల్లలు తిండి సేకరణ నేర్చుకునేది పెద్దవాళ్ళ దగ్గరే కాదు, తోటిపిల్లల దగ్గర కూడా. అయిదేళ్ళవాడు, ఎనిమిదేళ్ళవాడు, పన్నెండేళ్ళవాడు కలిసి తిరిగే గుంపే వాళ్ళ బడి.

ఇదంతా చెప్పి, పాతరోజులే బాగుండేవి అనడం నా ఉద్దేశం కాదు. వేట సమాజాల్లో పుట్టిన వందమంది పిల్లల్లో సుమారు నలభై మంది పదిహేనేళ్ళు దాటేవాళ్ళు కాదని అంచనా. పరిణామానికి పిల్లల సంతోషంతో పనిలేదు, సంతానం మిగలడమే దాని లెక్క. అది ఎలా జరిగిందో చెప్పగలదు కానీ మనం ఏం చేయాలో చెప్పలేదు. అయితే ఒక్క విషయంలో మాత్రం మన కళ్ళు తెరిపిస్తుంది. ఒకే వయసు పిల్లలు నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకే రోజు ఒకే పాఠం చెప్పి, వెనకబడ్డవాణ్ణి మొద్దు అనడం మనిషి చరిత్రలో చాలా కొత్త ఏర్పాటు. గట్టిగా రెండు వందల ఏళ్ళది.

అంతకుముందు మన వీధిబళ్ళలో పిల్లలు వయసు కలగలిపి కూర్చునేవాళ్ళు. మద్రాసులో ఒక అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెబుతూ ఇసుకలో అక్షరాలు దిద్దించే పద్ధతిని ఇక్కడి బళ్ళలో చూసి, తన ఆశ్రమంలో అమలు చేసి, 1797లో లండన్‌లో దాని మీద ఒక పుస్తకం వేశాడు. ఇంగ్లండు దాన్ని 'మద్రాసు పద్ధతి' అంది. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలో ఉన్న 533 బళ్ళ గురించి నివేదిక పంపాడు. పెద్ద విద్యార్థులు చిన్నవాళ్ళకి నేర్పే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ రాశాడు. అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. ఆ బళ్ళలో 6,641 మంది చదువుతుంటే వాళ్ళలో హిందూ ఆడపిల్లలు 60 మంది. ఆ చెట్టు కింద చోటు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది మరిచిపోయి వీధిబడిని పొగడటం అన్యాయం.

మళ్ళీ మదనపల్లెకి వద్దాం. 1911 దాకా కడప జిల్లాలో, తర్వాత నూట పదేళ్ళ పాటు చిత్తూరు జిల్లాలో, 2022 నుంచి అన్నమయ్య జిల్లాలో ఉన్న ఊరది. 1929 ఆగస్టులో హాలండ్‌లోని ఓమెన్‌లో కృష్ణమూర్తి తన పేరు మీద కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. ఆ నిచ్చెన మీంచి తానే దిగిపోయాడు. తర్వాత జీవితాంతం, 1980లో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో జరిపిన సంభాషణల దాకా, మనసు కాలంతో పాటు మెట్లెక్కి బాగుపడుతుందన్న ఊహనే ప్రశ్నిస్తూ వచ్చాడు. ఒంటికి పరిణామం ఉంది, మనసులో 'రేపటికి ఇంకొకడినవుతాను' అనుకోవడం వేరు అన్నది ఆయన వాదన. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోగలను. పదమూడేళ్ళకే నిచ్చెన ఎక్కించిన పిల్లాడు, పెద్దయ్యాక నిచ్చెన మీదే అనుమానపడటంలో వింత లేదు.

సొంత ఊరికి దగ్గర్లో, తెట్టు దగ్గర పెద్ద మర్రిచెట్టున్న లోయలో ఆయన కోరిక మేరకు రిషి వ్యాలీ బడి వచ్చింది. పోలికలూ పోటీలూ భయమూ లేని చదువు దాని ఆశయం. పేరు పెద్దదయ్యింది. హాస్టలుతో కూడిన ఆ బడి ఫీజు మాత్రం చుట్టుపక్కల చెనక్కాయ రైతులకి అందేది కాదు. ఆ కొరత నుంచే అసలు విశేషం పుట్టింది. 1980లలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్ళు పెట్టడానికి పూనుకున్నారు. ఒకప్పుడు రిషి వ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బరో 1972లో కర్ణాటక సరిహద్దు అవతల, కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే బడి పెట్టాడు. వయసు కలగలిపి, పరీక్షలు లేకుండా నడిచిన ఆ బడి ప్రభావం వీళ్ళ మీద ఉంది.

పల్లెలో ఉన్న సమస్య సిద్ధాంతం కాదు. టీచరు ఒక్కరే, పిల్లలు ముప్ఫై మంది, వయసులు అయిదు నుంచి పదకొండు. అందరూ దీన్ని లోపం అనేవాళ్ళు. వీళ్ళు దాన్నే పద్ధతిగా మార్చారు. పుస్తకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. ఒక్కో కార్డు మీద గుర్తుగా చిన్న బొమ్మ. కార్డుల వరసంతా గోడ మీద ఒక పటంగా వేలాడుతుంది. దాన్ని వాళ్ళు 'లెర్నింగ్ లాడర్' అన్నారు, అంటే నిచ్చెనే. పిల్ల బడికి రాగానే పటంలో తనెక్కడుందో చూసుకుని, తన కార్డు తీసుకుని, ఆ కార్డుకి తగ్గ గుంపులో కూర్చుంటుంది. కొన్ని గుంపులకి టీచరు చెబుతారు, కొన్నింటికి తోటిపిల్లలే చెప్పుకుంటారు, కొన్ని పనులు ఎవరికి వాళ్ళే చేసుకుంటారు. ఒకే గుంపులో ఆరేళ్ళవాడూ తొమ్మిదేళ్ళ పిల్లా ఉండొచ్చు.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు వచ్చి చూసి, వెళ్ళి 'నలి కలి' మొదలుపెట్టారు. 2003 తర్వాత చెన్నై కార్పొరేషన్ బళ్ళు అందుకున్నాయి, అక్కణ్ణించి తమిళనాడు అంతా పాకింది. పెద్దయెత్తున అమలైనప్పుడు కార్డులు అరిగిపోవడం, టీచరు గుమాస్తాగా మిగిలిపోవడం లాంటి విమర్శలూ వచ్చాయి. అవి కొట్టిపారేయదగ్గవి కావు. వయసు కలగలిసిన బడి మంచిదంటే, టీచర్లని వేయకుండా సరిపెట్టుకోవడానికి ప్రభుత్వాలకి మంచి సాకు దొరికినట్టే. మన రాష్ట్రంలో ఇంకో దారిలో ఆలోచించారు. 2022లో 117 నంబరు జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ప్రైమరీ బడి నుంచి విడదీసి హైస్కూళ్ళలో కలిపారు. తరగతికో టీచరు, సబ్జెక్టుకో టీచరు రావాలన్నది అందులోని మంచి ఉద్దేశం. నడిచెళ్ళాల్సిన దూరం పెరిగిందని ఊళ్ళు గొడవపెట్టాయి, తర్వాతి ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఈ గొడవలో దూరం, టీచర్ల సంఖ్య గురించి చర్చ జరిగింది. ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లలకి పైతరగతి అక్కలూ అన్నలూ లేకుండా పోవడం గురించి నాకు ఎక్కడా పెద్దగా వినపడలేదు.

మా తరం తిరుపతిలో ఇప్పుడు ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ బోర్డులు కనిపిస్తున్నాయి. అక్కడా నిచ్చెన ఉంది. ఆ నిచ్చెనకి మెట్లు కాదు, ర్యాంకులు. తెట్టు పల్లెబడి గోడ మీది నిచ్చెన తేడా నాకు ఒక్కచోట స్పష్టంగా కనిపిస్తుంది, అది పిల్ల బడి మానేసినప్పుడు. చెనక్కాయ పెరికే రోజుల్లో పదిహేను రోజులు రాకపోయినా, జ్వరం వచ్చి నెల పోయినా, తిరిగొచ్చిన పిల్ల గోడ దగ్గరికెళ్ళి తను ఆపిన బొమ్మ వెతుక్కుని అక్కణ్ణించి మొదలుపెడుతుంది. పాఠం ఆమెని వదిలేసి ముందుకెళ్ళిపోయి ఉండదు. వెనకబడటం అన్న మాటకే అక్కడ అర్థం తక్కువ.

అలాంటి గోడ 1900 ప్రాంతంలో ఆ చుట్టుపక్కల ఏదైనా బడిలో ఉండి ఉంటే, మలేరియా నుంచి లేచొచ్చిన కృష్ణ దాని దగ్గరికెళ్ళి తన బొమ్మ వెతుక్కుని ఉండేవాడు. జగద్గురువు అయ్యేవాడో లేదో తెలీదు. దెబ్బలు మాత్రం తినేవాడు కాదు.